ఫీడ్‌లో వచ్చిన చేతులు

2023 వేసవి. ఆత్మకూరు బస్టాండుకు దగ్గరి సందులో, ఒక బట్టల అంగడి మీది గదిలో నేను పని చేసుకుంటున్నాను. రెండు కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడల్లా కీచుమని అరిచే యూపీఎస్, కూర్చుంటే ఒకవైపుకు ఒరిగే కుర్చీ, ఇదీ నా కార్ఖానా. కింద మెట్ల దగ్గర బోర్డు పెట్టించాను: "వసంత వెబ్ సర్వీసెస్. డేటాఫీడ్ పనులు చేయబడును." బోర్డు ఎక్కిన వారంలోనే అనంతసాగరం నుంచి ఒక పెద్దాయన చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, చేపల ఫీడు ఉండాదా? బస్తా ఎంత?"

"ఇది ఆ ఫీడు కాదన్నా. కంప్యూటర్ ఫీడు."

ఆయన గదంతా కలయజూసి, "కంప్యూటరుకు గూడా మేత ఏస్తారా? ఏం కాలమమ్మా ఇది!" అని నవ్వుకుంటూ దిగిపోయాడు. ఆ మాట మా ఇంట్లో చాలా రోజులు నడిచింది. నేను సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయన "మేత ఏసొచ్చినావా?" అని అడిగేవాడు.

ఆ పెద్దాయన మాటలో నిజం లేకపోలేదు. పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు తమ దగ్గరున్న సరుకునంతా ఒక పట్టీగా తయారుచేసి పెడతాయి. వస్తువు పేరు, వెల, వర్ణన, బొమ్మ ఎక్కడుందో చెప్పే లింకు, సరుకు నిల్వ ఉందా లేదా అన్న ముక్క, అన్నీ అందులో ఉంటాయి. దాన్నే డేటాఫీడ్ అంటారు. నాబోటివాళ్ళం ఆ పట్టీ తెచ్చుకుని, అందులోంచి ఒక్క రకం సరుకు మాత్రం ఏరి, చిన్న అంగడిలాంటి వెబ్‌సైట్ కడతాం. దానికి నిచ్ సైట్ అని పేరు. సరుకు మా దగ్గర ఉండదు. చూసినవాళ్ళు "కొనండి" అన్న మీట నొక్కితే నేరుగా కంపెనీ దగ్గరికి వెళ్తారు. అక్కడ కొంటే మాకు కమిషన్. ఈ ఏర్పాటునే అఫిలియేట్ అంటారు. వెలలు మారుతుంటాయి, సరుకు అయిపోతుంటుంది కాబట్టి ప్రతిరోజూ తెల్లవారకముందే సైటు తనంతట తానే కొత్త ఫీడు తెచ్చుకుని పాతదాని మీద పరుచుకుంటుంది. ఈ పనిని ఇంపోర్ట్ అంటాం. నేను నిద్ర లేచేసరికి నా అంగళ్ళు సర్దేసి ఉంటాయి.

వినడానికి హాయిగా ఉంది కదా. కొంతమంది ఫీడును ఉన్నదున్నట్టు సైటులో కుమ్మరించి కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. నేను ప్రతి వస్తువునూ చూసి, పనికిమాలినదాన్ని తీసేసి, మిగిలినదాని గురించి నా మాటల్లో రాస్తాను. షుగరు ఉన్నవాళ్ళ చెప్పులకు ఒక సైటు, మిద్దెతోటల సామానుకు ఒకటి, కొయ్య వంటసామానుకు ఒకటి కట్టాను. నాన్‌స్టిక్ పెనాల మీద స్టీలు గరిటె గీతలు పెడుతుందని ఆడవాళ్ళు కొయ్య గరిటెల కోసం వెతుకుతున్న రోజులవి. మూడింటిలోకీ దానికే గిరాకీ.

ఆ కొయ్య సామాను సైటులో అన్నిటికన్నా ఎక్కువమంది చూసే పేజీ "ఉదయగిరి చేతిపని చెంచాల సెట్". ఉత్తరాదిన ఎక్కడో ఉన్న కంపెనీ ఫీడులో వచ్చింది. మన పక్క ఊరి పేరు అంత దూరం పోయి తిరిగి నా సైటులోకి వచ్చిందని సంతోషించి, దాన్ని మొదటి పేజీలో పెట్టాను. దాని బొమ్మ కూడా అలాంటిదే. అందులో మనిషి ముఖం లేదు. నరాలు తేలిన రెండు ముసలి చేతులు, ఎడమ చేతిలో సగం చెక్కిన చెంచా, కుడి చేతిలో ఆకురాయి, ఒడినిండా కొయ్య పొట్టు. ఎడమ బొటనవేలి గోరు మధ్యలో నిలువునా చీలి, అలాగే గట్టిపడిపోయి ఉంది. ఆ బొమ్మ చూసినవాళ్ళు "కొనండి" మీట నొక్కకుండా పోయేవాళ్ళు కాదు.

ఒక మధ్యాహ్నం ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. తల మీది చున్నీ సర్దుకుని, సంచీలోంచి గుడ్డలో చుట్టిన చెంచా ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. కాడ దగ్గర పగిలి ఉంది. పక్కనే తన ఫోను పెట్టింది. ఫోనులో నా సైటు.

"వసంతక్క మీరేనా? ఈ అంగడి మీదేనా?"

పగిలిన సరుకు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు. నాకు చిరాకు వేసింది. "సైటు నాదేనమ్మా. సరుకు నాది కాదు. రిటర్న్ కావాలంటే కంపెనీవాళ్ళనే అడగాలి. నంబరు ఇస్తా, రాసుకో."

"రిటర్న్ కోసం రాలేదక్కా." ఆమె ఫోను నా వైపు జరిపింది. "ఈ చేతులు మా అబ్బావి."

ఆ పిల్ల పేరు షమీమ్. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే ఇల్లు వాళ్ళది. తండ్రి ఖాసిం సాహెబ్ చెక్కిన సామాను ఎక్కడెక్కడికో పోయేది. ఆయన కరోనా రెండోసారి వచ్చినప్పుడు నెల్లూరు ఆసుపత్రిలో పోయారు. అంతకు ముందెప్పుడో కెమెరా వేసుకుని ఎవరో వచ్చి, పని చూస్తామంటే ఆయన కూర్చోబెట్టి టీ ఇప్పించారట. వాళ్ళు ఫోటోలు తీసుకుని పోయారు. ఎవరో, ఎక్కడివాళ్ళో వాళ్ళ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఆస్పత్రి నుంచి మూటగట్టి ఇచ్చినారక్కా. చెయ్యి గూడా తాకనియ్యలా," అంది షమీమ్.

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, చెప్పాల్సింది చెప్పింది. ఇప్పుడు ఆమె, వాళ్ళమ్మ, వీధిలో మరికొందరు ఆడవాళ్ళు కలిసి పని చేస్తున్నారు. నెల్లూరులో హస్తకళల ఎగ్జిబిషన్‌లో స్టాలు పెడితే, ఒకామె నలుగురి ముందూ ఈ పగిలిన చెంచా తెచ్చి కొట్టినట్టుగా బల్ల మీద వేసింది. "ఉదయగిరివాళ్ళంతా మోసగాళ్ళే. నెల తిరక్కముందే విరిగింది" అని అరిచి, కొన్న చోటు చూపించడానికి నా సైటు తెరిచింది. బేరం చేస్తున్నవాళ్ళంతా వస్తువులు కింద పెట్టేసి వెళ్ళిపోయారు.

"అది మా పని కాదని చెప్పబోయినా. ఆమె ఫోనులో అబ్బా చేతులు కనపడినాయి. ఇంక నాకు నోట మాట రాలా."

"మరి ఈ చెంచా..."

"మిషన్‌దక్కా. ఏదో చెత్త కొయ్య. పైన నూనె పూసుండారు. మేం చేసిందైతే మీ మనవళ్ళు గూడా తింటారు దాంతో." పగిలిన ముక్కను గుడ్డలో చుట్టేసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "మాలో పెద్దోళ్ళు చెప్తారక్కా. ఆఖరి దినాన మనిషి నోటికి తాళం పడతాదంట. చేతులే సాక్ష్యం చెప్తాయంట, ఏం చేసినామో. మా అబ్బా చేతులు ఇప్పుడే, ఈ ఫోన్లో, అబద్ధం సాక్ష్యం చెప్తా ఉండాయి. ఆయన చెయ్యని పనికి. అది తీసెయ్యండక్కా. ఇంకేం వద్దు నాకు."

ఈ వృత్తిలో నేను చాలా ఫిర్యాదులు విన్నాను. రంగు తేడా, సైజు తేడా, ఆలస్యం. ఇలాంటిది వినలేదు. ఆమె ముందే ఆ వస్తువును సైటులోంచి తీసేసి, పేజీ మళ్ళీ తెరిచి చూపించాను. లేదు. షమీమ్ కళ్ళు తుడుచుకుని, పోయే ముందు ఒక్కటే అడిగింది. "మా అమ్మీకి ఈ సంగతి తెలియదక్కా. ఎగ్జిబిషన్లో ఎవురో ఏదో అన్నారనే చెప్పినా. అబ్బా చేతుల్తో దొంగ సరుకు అమ్ముతున్నారని తెలిస్తే ఆమె తట్టుకోలేదు. ఎప్పుడన్నా ఫోన్ చేసినా చెప్పబాకండి."

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"అక్కా," అంది షమీమ్. "మళ్ళీ వచ్చినాడు."

బొమ్మ మళ్ళీ వచ్చింది అనలేదు ఆ పిల్ల. వచ్చినాడు అంది. చూస్తే నిజమే, తెల్లవారుజామున ఇంపోర్ట్ నడిచింది. నా సైటులో తీసేసినంత మాత్రాన ఫీడులో పోదు కదా. ఫీడులో ఉన్నది కాబట్టి సైటు దాన్ని మళ్ళీ తెచ్చి అదే చోట పెట్టింది. షమీమ్‌కు ఇదంతా విడమరిచి చెప్పి, ఆ వస్తువు కోడ్ నంబరుకు అడ్డుకట్ట వేశాను. ఇక ఆ నంబరుతో ఏది వచ్చినా సైటు లోపలికి రానివ్వదు.

కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత కంపెనీవాడు ఐదు చెంచాల సెట్టును ఏడు చెంచాల సెట్టు చేశాడు. పేరు మారింది, కోడు మారింది. బొమ్మ అదే. నా అడ్డుకట్ట పక్కనుంచి ఖాసిం సాహెబ్ చేతులు మళ్ళీ నా సైటులోకి నడిచి వచ్చేశాయి. ఈసారి షమీమ్ ఫోను చేయలేదు, నేనే చూశాను. తల కొట్టుకోవాలనిపించింది. అదే ఫీడు నాలాంటివాళ్ళు ఎంతమంది వాడుతున్నారోనని వెతికితే, పేజీ తర్వాత పేజీ, ఎవరెవరి సైట్లలోనో అవే చేతులు. బెంగాలీ సైటులో ఉన్నాయి, ఇంగ్లీషు సైటులో ఉన్నాయి, పెళ్ళి కానుకల సైటులో ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బొమ్మలు మా సైట్లలో ఉండవు. మా దగ్గర ఉండేది లింకు మాత్రమే. బొమ్మ కంపెనీవాడి సర్వర్‌లో, అంటే వాడి సొంత కంప్యూటర్‌లో ఉంటుంది. ఎవరు ఏ సైటు తెరిచినా అక్కణ్ణించే వచ్చి కనిపిస్తుంది. కాబట్టి ఆకులు తుంచి లాభం లేదు, అక్కడ ఒక్కచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది. కంపెనీలో మా బోటివాళ్ళతో మాట్లాడే మేనేజరుకు ఫోన్ చేశాను.

"అది స్టాక్ ఫోటో మేడమ్," అన్నాడతను హిందీలో. స్టాక్ ఫోటో అంటే ఎవరైనా కొనుక్కుని దేనికైనా వాడుకునే ఫోటో. "మేం కొనుక్కున్నాం. చేతులే కదా, ఎవరివైతే ఏముంది? ముఖం కూడా లేదు."

"ఆ చేతులాయన చనిపోయాడు. వాళ్ళమ్మాయి వచ్చి ఏడ్చి వెళ్ళింది."

"సారీ మేడమ్. కానీ ఆ ఫోటో బాగా నడుస్తోంది."

"అయితే మీ ఫీడు ఆపేస్తాను."

"మీ ఇష్టం మేడమ్." అతని గొంతులో కోపం కూడా లేదు. అందుకే నాకు ఇంకా మండింది. నేను పోతే వాడికేం నష్టం?

ఆ పూట అన్నం సహించలేదు. నాకు వచ్చిన కోపం గిన్నెల మీద చూపిస్తుంటే మా ఆయన ఊరుకోలేక, "చేతులకు చట్టం ఉండాదో లేదో గానీ ఊరికి ఉండాది గదా. దాని సంగతి చూడు" అన్నాడు. నిజమే. ఉదయగిరి కొయ్య చెంచాలకు ప్రభుత్వం ఇచ్చిన భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊళ్ళో చేయని వస్తువుకు ఆ ఊరి పేరు పెట్టి అమ్మకూడదు. పని చేసేవాళ్ళే సంతకాలు పెట్టి ఫిర్యాదు పంపితే కంపెనీ లాయర్లు పట్టించుకోక తప్పదు. ఫిర్యాదు తయారుచేసి, సాక్ష్యానికి పనికొస్తుందని నా సైటులోని పేజీని అప్పటికి అలాగే ఉంచి, సంతకాల కోసం ఉదయగిరి బస్సెక్కాను.

దుత్తలూరు దాటాక ఎండ ముఖాన కొట్టింది. కొండ కనబడ్డాక బస్సు సగం ఖాళీ అయింది. షమీమ్ వాళ్ళ ఇల్లు ఊళ్ళో ఇరుకు వీధిలో ఉంది. నేను పోయేసరికి వసారాలో ఆరేడుగురు ఆడవాళ్ళు కూర్చుని గీస్తున్నారు, రుద్దుతున్నారు, వాళ్ళ ముందు కొయ్య పొట్టు కుప్ప. షమీమ్ తల్లి ఖైరూన్‌బీ గోడకు ఆనుకుని కూర్చుని ఒక ఫోర్కు కొనలు నునుపు చేస్తోంది. షమీమ్ నన్ను పరిచయం చేసి, ఫిర్యాదు కాగితాలు తీసుకుని, తల్లి చెవిన పడకుండా చదివి వినిపించడానికి మిగిలినవాళ్ళను పక్కింటి అరుగు మీదికి తీసుకుపోయింది. టీ పెట్టి తెస్తానని చెప్పి పోయింది.

మేమిద్దరమే మిగిలాం. ఖైరూన్‌బీ ఆకురాయి కింద పెట్టి, నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"నువ్వేనా బిడ్డా, ఆ ఫోను అంగడామె?"

"అవునమ్మా."

ఆమె కొంగు ముడిలోంచి ఫోను తీసింది. పాత ఫోను, అద్దం మూల పగిలింది. నొక్కగానే నా సైటు తెరుచుకుంది. ఏడు చెంచాల సెట్. ఖాసిం సాహెబ్ చేతులు.

"మా ఆడబిడ్డ మనవరాలు ఇట్టా పెట్టిచ్చింది. ఒక్క నొక్కుడు నొక్కితే వస్తాది. పొద్దున నమాజు అయినాక చూసుకుంటా." చీలిన గోరు మీద తన వేలు పెట్టింది. బొమ్మ జరిగిపోతే మళ్ళీ వెనక్కి తెచ్చుకుంది. "ఈ గోరు మా పెండ్లైన కొత్తల్లో చీల్చుకున్నాడు. నన్ను చూస్తా ఉలి కొట్టినాడు." నవ్వింది. "మద్దెలో కొన్నాళ్ళు కనపడకుండా పోయినాడు. పిల్లకాయి మళ్ళా వెతికి పెట్టింది. నీ అంగట్లో ఎప్పుడన్నా సర్దుతా ఉంటావేమో, ఈయన్ని మాత్రం తీసెయ్యబాక బిడ్డా."

కూతురు తీసెయ్యమంటుంది. తల్లి తీసెయ్యవద్దంటుంది. కాగితాలు పక్కింటి అరుగు మీద సంతకాలవుతున్నాయి. చివరికి నాకు తోచిందేదో చెప్పాను.

"అమ్మా, ఆ బొమ్మ నేను మీ ఫోనులో దాచిపెడతాను. సైటుతో పని లేదు. మీరెప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు."

ఆమె ఫోను వెనక్కి లాక్కుంది.

"వద్దొద్దు. మా ఇంట్లో పోయినోళ్ళ బొమ్మలు పెట్టుకోం బిడ్డా. ఆయనకే ఇష్టం లేదు. ఫోన్లో దాచుకున్నా ఇంట్లో పెట్టుకున్నట్టే గదా. ఇదైతే నీ అంగడి. బజార్లో పోతా ఉంటే ఎదురుపడినట్టు. నేనేం దాచుకోలా. చూసొస్తా ఉండా, అంతే." ఫోను మళ్ళీ నా వైపు తిప్పింది. "మొఖం గూడా కాదు గదా. చేతులే. అవి చూస్తే తప్పా?"

ఆమె అడుగుతున్నది నన్ను కాదని నాకు తెలుసు. అయినా "తప్పేం లేదమ్మా" అన్నాను. చచ్చిపోయినవాడి చెయ్యి తాకనివ్వని రోజుల్లో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆమె. తన నియమం తప్పకుండా ఆయన్ను చూసుకోవడానికి లోకంలో ఆమెకు దొరికిన ఒకే ఒక్క చోటు, నేను కట్టిన పేజీ. దాన్ని మూయించడానికి నేను సంచీ తగిలించుకుని బస్సెక్కి వచ్చాను.

"కింద ఏం రాసుండాది బిడ్డా?" అంది ఆమె, బొమ్మ కింది అక్షరాల మీద వేలుపెట్టి. "ఇంగిలీషు. పిల్లకాయికి గూడా సరిగ్గా రాలా. ఆయన పేరేమన్నా రాసినారా?"

తలెత్తితే షమీమ్ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. వినాల్సిందంతా విన్నదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. పళ్ళెం కింద పెట్టి తల్లి ఎదురుగా కూర్చుంది.

"అక్కను అడగబాక అమ్మీ, నేను చెప్తా. ఈ చేతుల్తో చేసిన చెంచాలని రాసుండాది. డబ్బులు పెట్టినోళ్ళకు మాత్రం మిషన్ చెంచాలు పోతా ఉండాయి." లోపలికి పోయి, ఎగ్జిబిషన్లో వాళ్ళ మొహాన కొట్టిన ఆ పగిలిన చెంచా తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

ఖైరూన్‌బీ దాన్ని తిప్పి చూసింది. విరిగిన చోట బొటనవేలితో రుద్దింది. ఏ కొయ్యో అడగలేదు, ఎవరు చేశారో అడగలేదు. కొంచెంసేపు దాన్నీ, ఫోనులోని చేతుల్నీ మార్చి మార్చి చూసింది.

"దీనికా ఆయన చెయ్యి?"

"దీనికే అమ్మీ."

"ఎంతమంది కొన్నారంట?"

షమీమ్ నా వైపు చూసింది. ఈ అబద్ధం ఎంత దూరం పోయిందో నాకు తెలుసు కాబట్టి తల దించుకున్నాను. పక్కింటి అరుగు మీది ఆడవాళ్ళు కూడా సంతకాలాపి ఇటే చూస్తున్నారు. ఖైరూన్‌బీ ఫోను అద్దాన్ని కొంగుతో తుడిచింది. తుడిచి, ఆ చేతులు ఇంకొక్కసారి చూసుకుంది. ఆమె అలా చూస్తుంటే నేను చూడకూడదనిపించి తల తిప్పుకున్నాను.

"కాగితం ఇట్టా తే," అంది కూతురితో. "ఆయనకు సంబంధించినోళ్ళలో నా సంతకమే గదా ముందు పడాల్సింది."

ఉర్దూలో, వంకరటింకరగా, చాలాసేపు పట్టి సంతకం పెట్టింది. పెట్టాక కలం నాకు ఇస్తూ "తీసెయ్యి బిడ్డా. యాడుంటే ఆడ తీసెయ్యి" అంది. తర్వాత ఆకురాయి తీసుకుని ఫోర్కు కొనలు రుద్దడం మొదలుపెట్టింది. ఆమె టీ చల్లారిపోయింది, తాగలేదు.

షమీమ్ నన్ను బస్సు దాకా దిగబెట్టింది. బస్సు వచ్చాక, "రోజూ చూసుకుంటాదని తెలిసుంటే నేను మీ దగ్గరికి వచ్చేదాన్నే కాదేమో అక్కా" అంది. ఆమె వచ్చి ఉండకపోతే ఆ చేతులు ఇంకా ఎందరిని మోసం చేసేవో. వచ్చింది కాబట్టి ఒకామెకు అవి లేకుండా పోతున్నాయి. రెండూ నిజమే. బస్సు కదిలాక నాకు ఏడుపొచ్చింది. పక్క సీటులో ఉన్నామె ఎందుకని అడగకుండా తన కొంగు అంచు నాకు అందించింది.

ఫిర్యాదు పోయింది. నీళ్ళు నములుతూ రెండు జవాబులు వచ్చాయి. ఊరి పేరు అన్న మాట దగ్గర కంపెనీ లాయర్లకు నిద్ర చెడినట్టుంది, చివరికి ఒక చిన్న ఈమెయిల్ పంపారు. పేరు తీసేస్తున్నాం, బొమ్మ కూడా తీసేస్తున్నాం అని. అందులో క్షమాపణ లేదు. ఖాసిం సాహెబ్ అన్న పేరే లేదు. కానీ చెప్పినట్టు తీసేశారు. ఆ రోజు నేను వెతికి పెట్టుకున్న సైట్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. బెంగాలీ సైటులో, ఇంగ్లీషు సైటులో, పెళ్ళి కానుకల సైటులో, ఎక్కడ చూసినా చేతులు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ గడి. నా సైటులో ఆ పేజీయే లేకుండా చేశాను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ఫీడులో ఏ బొమ్మలోనైనా మనిషి చెయ్యి కనిపిస్తే ఆ వస్తువును ఆపుతాను. ఎవరిదని కంపెనీని అడుగుతాను. చాలాసార్లు జవాబు రాదు. జవాబు రానిదాన్ని నా అంగట్లో పెట్టను. తోటివాళ్ళు నవ్వుతారు, ఇలాగైతే నువ్వు సైటు నింపినట్టే అంటారు. నింపకపోతే నష్టం నాకే కదా, నవ్వనీ.

కానీ నేను చెప్పదలచుకున్నది అది కాదు. మా పనిలో ఇంకొక అలవాటు ఉంటుంది. తీసేసిన పేజీల కోసం ఇంకా ఎవరైనా వస్తున్నారేమో చూసుకుంటాం. సైటు దానంతట అదే రాసిపెడుతుంది, ఫలానా చిరునామాకు ఫలానా వేళ ఒకరు వచ్చారు, పేజీ లేదని చెప్పి పంపాం అని. అలా వచ్చినవాళ్ళను ఇంకో వస్తువు దగ్గరికి మళ్ళిస్తాం. దారి తప్పి వచ్చిన బేరాన్ని వదులుకోకూడదు కదా. కొన్ని వారాల తర్వాత ఆ వివరాలు తెరిస్తే, ఏడు చెంచాల సెట్టు చిరునామాకు రోజూ ఒకరు వస్తున్నారు. తెల్లవారుజామున. రోజూ అదే వేళకు.

ఎవరో నాకు తెలుసు. ఆ పూటంతా పని చేయలేకపోయాను. సాయంత్రం షమీమ్‌కు ఫోన్ చేసి తల్లికి ఇవ్వమన్నాను.

"అమ్మా, ఆ పేజీ తీసేశాను కదా. ఇంకా రోజూ తెరుస్తున్నారు. అక్కడ ఆయన లేరమ్మా."

"తెలుసు బిడ్డా."

"మరి దేనికి?"

అవతల ఆకురాయి చప్పుడు ఆగింది.

"రెండు తూర్లు తీసేస్తే రెండు తూర్లూ వచ్చినాడంట గదా, షమీమ్ చెప్పింది. మళ్ళా వచ్చి ఆ అబద్ధం చెప్తా కూర్చుంటాడేమో అని. రాలేదని చూసుకుంటే నాకు నిమ్మళంగా ఉంటాది."

ఆ చిరునామాను నేను ఏ వస్తువుకూ మళ్ళించలేదు. ఆమె వచ్చి చూసుకోవడానికి అది ఖాళీగానే ఉండాలి.